సటీకాతాత్పర్య రౌడిచేప పద్యం

అవతారిక

ఈ పద్యం పుట్టిన చోటు టెక్సస్ రాష్ట్రం, ఫ్రిస్కో ఊరు, మా ఇంటి హాలు. కవి మా మామగారు. భీమవరం దగ్గర హైస్కూల్లో ముప్ఫై రెండేళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఆర్నెల్లకని అమెరికా వచ్చారు. బయట చలి, లోపల అల్లుడు, ఎటూ పాలుపోక నా చేపల తొట్టి ఎదురుగా కుర్చీ వేసుకున్నారు. తొట్టి నాలుగడుగుల పొడుగు, 90 గాలన్లు, అంటే 340 లీటర్లు. సముద్రంలోని పగడపు దిబ్బను ఇంట్లో కట్టాలని నా సరదా. అందులో ఎవర్ని ముందు దించాలి, ఎవర్ని తర్వాత దించాలి అన్న దగ్గర నేను తప్పు మీద తప్పు చేస్తుంటే చూసి చూసి, కరెంటు బిల్లు వెనక ఒక తేటగీతి రాసి, అద్దానికి టేపుతో అంటించి, విమానం ఎక్కేశారు. కవి ఊళ్ళో ఉండగా వ్యాఖ్యానం రాసే ధైర్యం ఎవరికీ ఉండదు. ఇప్పుడు రాస్తున్నాను.

మూలం

రాయి ముందుగ నీటిలో రమ్యముగను
నిలిపి, నెలదాటి పదినాళ్ళు నీవు వేచి,
నత్తఁ బిరికిని జోకర్ల నడిపి, పిదప
రౌడిచేపను చివరకు రమ్మనవలె.

ప్రతిపదార్థం

రాయి = మామూలు గుండ్రాయి కాదు. చచ్చిన పగడాల అస్థిపంజరం, ఒళ్ళంతా సన్న చిల్లులు. ఆ చిల్లుల్లో కాపురం పెట్టే బాక్టీరియా కోసమే దానికి అంత ధర. తొట్టివాళ్ళు లైవ్ రాక్ అంటారు. దీనికి పాత ప్రమాణం ఉంది: జకార్తా వాసి లీ చిన్ ఎంగ్ 1961లోనే, సముద్రంలోంచి తెచ్చిన బతికున్న రాళ్ళూ గాలి బుడగలూ పెట్టుకుని సముద్రపు చేపల్ని సాకవచ్చని ఒక అమెరికన్ పత్రికలో రాశాడు. ఇక్కడ రాయి 35 కిలోలు. తొట్టి అడుగు అద్దానికి ఆనించి పేర్చాలి, ఇసుక మీద కాదు. ఇసుక తవ్వుకునే గోబీ చేపలు, రొయ్యలు రేపు వచ్చి పునాది కింద సొరంగం వేస్తే మేడ మొత్తం అద్దం మీదికి ఒరుగుతుంది.

ముందుగ = చేపలకంటే ముందు. క్రెడిట్ కార్డుకంటే తర్వాత.

నీటిలో = ఉప్పునీటిలో. లీటరుకు 35 గ్రాముల ఉప్పు, సాంద్రత 1.025. కుళాయి నీళ్ళు పనికిరావు, ఆర్‌వో పట్టి ఆపైన డీఐ జల్లెడ కూడా పట్టాలి. కవి ఇంత విషయాన్ని ఉట్టి ‘నీటిలో’ అని వదిలేయడం లోపమే. అయితే మా అత్తగారి తమ్ముడికి భీమవరం అవతల రెండు వనామీ రొయ్యల చెరువులున్నాయి. ఫోన్లో ఆయన మొదటి పలకరింపే “పీపీటీ ఎంతండీ?” అని, అంటే నీళ్ళలో ఉప్పెంత అని. ఆ ఇంటి కవికి నీరు అనగానే ఉప్పునీరే తోచి ఉంటుంది.

రమ్యముగను = వ్యర్థపదం. ‘రా’కి యతి కోసం తెచ్చిన ‘ర’. సముద్రంలోంచి వచ్చిన రాయి మీది స్పాంజీలూ పురుగులూ చచ్చి కుళ్ళుతున్నప్పుడు రెండు వారాలు మా ఇల్లు చేపల రేవులా ఉంది. అక్కడే కూర్చుని ఆ కంపు పీల్చిన మనిషి ‘రమ్యముగను’ అని రాశారంటే అది ఛందస్సు చేసిన పని. వ్యంగ్యమని సమర్థించేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు మా ఇంటికి రాలేదు.

నిలిపి = పేర్చి. చేతులు మోచేతుల దాకా నీళ్ళలో పెట్టి, పైనున్న రాయి జారి, మళ్ళీ పేర్చి అని విస్తరించుకోవాలి.

నెలదాటి పదినాళ్ళు = నలభై రోజులు. పద్యానికి ఇదే ప్రాణం కనుక కొంచెం ఆగాలి. చేప విసర్జించేది అమ్మోనియా. కొత్త తొట్టిలో దాన్ని తినేవాళ్ళు ఎవరూ ఉండరు. ముందు ఒక జాతి బాక్టీరియా పుట్టి అమ్మోనియాను నైట్రైట్ చెయ్యాలి, తర్వాత ఇంకో జాతి దాన్ని నైట్రేట్ చెయ్యాలి. రెండు సంసారాలూ రాళ్ళలో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేప లేకుండా వాటికి అన్నం పెట్టాలి కాబట్టి కొందరు అమ్మోనియం క్లోరైడ్ పోస్తారు, కొందరు ఒక పచ్చి రొయ్యను నీళ్ళలో పడేసి కుళ్ళనిస్తారు. నేను రెండోవాణ్ణి. ఫ్రీజర్లోంచి రొయ్య తీసి తొట్టిలో వేస్తుంటే మామగారు కుర్చీలోంచి లేచారు.

“అదేంటి అల్లుడుగారూ, కూరలో వెయ్యాల్సిందాన్ని కుళ్ళబెడతారా?”

పాకెట్ చూపించమన్నారు. ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా అని ఉంది. అమెరికాకు ఎక్కువగా రొయ్యలు పంపేది మన దేశమే, మన దేశంలో ఎక్కువగా పండించేది ఆంధ్రానే. కాబట్టి అది మా అత్తగారి తమ్ముడి చెరువుది కావడానికి కూడా ఎంతో కొంత అవకాశం ఉంది. చెరువులో అమ్మోనియా పట్టకుండా రాత్రంతా ఏరేటర్లు తిప్పి పెంచిన రొయ్య, సముద్రాలు దాటి వచ్చి, మా హాల్లో అమ్మోనియా పుట్టించడానికి కుళ్ళింది. ఆ తర్వాత మూడు రోజులు మామగారు రొయ్యల వేపుడు తినలేదు.

నీవు వేచి = ఇక్కడ ఒక సూక్ష్మం. నిలిపినవాడు, నడిపేవాడు, రమ్మనేవాడు ఎవరో కవి చెప్పలేదు, ఎవరైనా కావచ్చు. వేచేవాడి దగ్గర మాత్రం ‘నీవు’ అని వేలు పెట్టి చూపించారు. ఆ వేలు నా వైపే అని మా ఆవిడ అభిప్రాయం.

నత్తఁ = నత్తలను. జాత్యేకవచనం, అసలు తెచ్చింది పదిహేను. నెల తిరిగేసరికి ఇసుక మీద తుప్పులాంటి గోధుమరంగు పొర కడుతుంది, వెనకాలే ఆకుపచ్చ నాచు జుట్టులా పెరుగుతుంది. అప్పుడు తొట్టి చూసిన చుట్టాలు “పాడైపోయిందా?” అని జాలిగా అడుగుతారు. పాడైపోలేదు, నత్తలకు విస్తరి వేసింది. అందుకే అవి ముందు. ట్రోకస్ నత్త వెల్లకిలా పడితే తనే లేస్తుంది, ఆస్ట్రేయా నత్తను చాలాసార్లు మనమే లేపాలి. తెల్లవారి లేచి ఆస్ట్రేయాలను బోర్లించే పని మామగారిదిగా ఉండేది. ఇప్పుడు నాది.

బిరికిని = పిరికిదానిని. ద్రుతం మీద పరుషానికి సరళం రావడంతో ‘బిరికి’ అయింది. పిరికితనం అక్షరంలోనే మెత్తబడటం ఎంత ఔచిత్యమో చూడండి. ఫైర్‌ఫిష్ అని ఉంటుంది, ముందు సగం తెలుపు, తోక వైపు ఎరుపు, వీపు మీద ఒక వెంట్రుకలాంటి ముల్లును జెండాలా ఎగరేస్తూ ఉంటుంది. గుమ్మం చప్పుడైతే బొరియలోకి దూరుతుంది. బొరియ లేకపోతే పైకి ఎగురుతుంది, తొట్టి బయటికి.

జోకర్ల = జోకరు చేపలను. క్లౌన్‌ఫిష్‌కు మామగారి తెలుగు. బహువచనం వేయడం కవి జాగ్రత్త, ఎందుకంటే వీటిని చిన్నవిగా ఉన్నప్పుడు రెండింటిని కలిపి ఒకేసారి దించాలి. రెండూ మగవే. పెద్దది ఆడది అవుతుంది, చిన్నది మగదిగా ఉండిపోతుంది. ఆడది చస్తే మిగిలినది ఆడది అవుతుంది. ఏకవచనంలో ఆడమనిషికీ జంతువుకీ కలిపి ఒకే ‘ది’ పెట్టిన మన వ్యాకరణంలో ఈ మార్పిడికి ఒక్క అక్షరం కూడా తిప్పక్కర్లేదు. ఆ ‘ది’ పెట్టినవాళ్ళ మీద మా ఆవిడకు వేరే కోపం ఉంది, ప్రస్తుతం అప్రస్తుతం.

నడిపి = ఒకదాని వెనక ఒకటి పంపి. మధ్యలో రెండేసి మూడేసి వారాలు ఎడం ఉండాలన్న అర్థం ఇందులో దాగి ఉంది. చేపలు పెరిగితే అమ్మోనియా పెరుగుతుంది, బాక్టీరియా దానికి సరిపడా పెరగడానికి వ్యవధి కావాలి.

పిదప, చివరకు = రెండింటికీ ఒకే అర్థం, పునరుక్తి దోషం. ఒకసారి చెబితే వినని శ్రోతకు రెండుసార్లు చెప్పవచ్చు కాబట్టి దోషం కాదు.

రౌడిచేపను = సర్జన్‌ఫిష్ కులంలోని టాంగ్‌ను. ఇక్కడ పసుపు టాంగ్, నిమ్మపండు రంగు. గణం కోసం కవి ‘రౌడీ’ చివరి దీర్ఘాన్ని, అంటే తోకను కత్తిరించారు. చేపకేమో తోక మొదట్లోనే అటొకటి ఇటొకటి కత్తి ఉంటుంది. కోపమొస్తే ఆ కత్తి విప్పి పక్క చేపను ఒరుసుకుంటూ పోతుంది. సర్జన్ అన్న పేరు అందుకే వచ్చింది. 2017లో హవాయి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత అక్కడి పడమటి తీరంలో వీటిని పట్టడం ఆగి, ధర చుక్కలకెక్కింది. ఇప్పుడు తొట్టెల్లో పుట్టి పెరిగినవి దొరుకుతున్నాయి. తొట్టిలో పుట్టినా కత్తి మొలవక మానదు.

రమ్మనవలె = ఈ పదాన్ని చివరికి వాయిదా వేస్తున్నాను.

తాత్పర్యం

చేపకు ముందొచ్చిందే పట్టా. ఏ చిల్లులో ముందు రాత్రి పడుకుంటే ఆ చిల్లూ, దాని చుట్టుపక్కల జానెడు నీళ్ళూ తనవే అనుకుంటుంది. కాబట్టి కబ్జాదారుణ్ణి ముందు దించితే తొట్టి మొత్తం వాడి పేరున రాసిచ్చినట్టే. బక్కవాళ్ళకు ముందు ఇళ్ళస్థలాలు పంచి, వాళ్ళు స్థిరపడ్డాక రౌడీని కొత్తవాడిగా, బెదురుతూ ఊళ్ళోకి తీసుకురావాలి. కవి చెప్పింది చేపల వరస కాదు, భూమి పంపకం.

శంకాసమాధానాలు

శంక: గట్టి చేప దేన్నైనా తట్టుకుంటుంది కదా, దాన్ని ముందు వేసి నీళ్ళు బాగున్నాయో లేదో చూసుకోవచ్చు కదా? ఒకప్పుడు అందరూ అలాగే చేసేవాళ్ళు కదా?

సమాధానం: చేశాను. కుళ్ళిన రొయ్య వేసిన మూడో వారానికే నా ఓపిక అయిపోయింది. రెండంగుళాల నీలం డామ్సెల్ చేపను కొన్నాను. ఏం కాదు, ఇది అన్నిటికీ తట్టుకుంటుంది అన్నాడు షాపు కుర్రాడు. నిజమే, అది తట్టుకుంది. దాన్ని తట్టుకోలేకపోయింది మిగతావాళ్ళం. నలభై రోజులు దాటాక ఫైర్‌ఫిష్‌ను దించితే, డామ్సెల్ దాన్ని ఒక మూల నుంచి ఇంకో మూలకు తరిమి, ఆఖరికి హీటరు వెనక నిలబెట్టింది. రాళ్ళలో ముప్ఫై బొరియలున్నాయి. ముప్ఫైకీ డామ్సెల్ యజమాని. నాలుగో రోజు పొద్దున్నే కాఫీకి లేచిన మామగారి కేక వినిపించింది.

“అల్లుడుగారూ, ఎండుమిరపకాయ పడేశారేంటండీ కార్పెట్ మీద?”

వంగి చూశాను. ఎరుపు తోక బిగుసుకుపోయి కొంచెం వంపు తిరిగి ఉంది, తొడిమ దగ్గర తెలుపు. అది మిరపకాయ కాదు. ఆయన కాసేపు ఏమీ అనకుండా నిలబడి, “మూత ఉండాలి కదండీ” అన్నారు. ఆ సాయంత్రమే వల మూత బిగించాను. డామ్సెల్‌ను పట్టడానికి మాత్రం ఒక శనివారం మొత్తం పట్టింది. 35 కిలోల రాళ్ళూ ఒక్కొక్కటే బక్కెట్లలోకి తీసి, తొట్టి మైదానం చేసి, అప్పుడు వలలో పడింది. రాళ్ళు మళ్ళీ పేర్చాను, రమ్యముగను.

శంక: దిబ్బ అన్నారు, పద్యంలో పగడం మాటే లేదేం?

సమాధానం: తేటగీతికి నాలుగే పాదాలు. పగడాలకు కూడా ఇదే న్యాయం: తోలుపగడాలు, పుట్టగొడుగు పగడాలు, జోవాంథిడ్‌లు ముందు, అక్రోపోరాలాంటి సుకుమారులు తొట్టికి ఏడాది నిండి నీటి క్షారత కుదురుకున్నాక. జోవాంథిడ్‌ను వట్టి చేత్తో పట్టుకోకండి, కొన్నిటిలో పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది. సీ ఎనిమోనీకి ఆరు నెలలైనా ఆగాలి. దానికి నచ్చకపోతే నడిచి వెళ్ళి పంపు రెక్కల్లో పడి తనతోపాటు తొట్టిని చంపుతుంది. ఇంకొక మాట, ఇది చదివి విశాఖలోనో కాకినాడలోనో ఎవరైనా సముద్రంలోంచి పగడం పెళ్ళగించి తెచ్చుకుందామనుకుంటే, దిబ్బలు కట్టే పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది.

శంక: రాళ్ళు అటూ ఇటూ మార్చేసి రౌడీని ఎప్పుడైనా దింపవచ్చు కదా?

సమాధానం: పాత పట్టాలు చెల్లకుండా చేసే ఉపాయమే, పనిచేస్తుంది కూడా. దీపాలార్పి దింపినా మేలే. వెనుకటి శనివారం గుర్తున్నవాడు మాత్రం మళ్ళీ రాళ్ళ జోలికి పోడు.

అలంకారం

స్వభావోక్తి. మా ఆవిడ మతంలో అల్లుడి మీద అన్యాపదేశం.

పాఠాంతరం

నాలుగో పాదం మీద మా ఆవిడ పెన్సిలుతో దిద్దిన పాఠం: “రౌడిచేపను అసలుకే రానివ్వద్దు”. ఇందులో గణాలు కుదరలేదు, యతిని మాత్రం వదల్లేదు. తెలుగు మేష్టారి కూతురు.

శేషం

ఇక ‘రమ్మనవలె’. కవి తేవలె అనలేదు, దించవలె అనలేదు, రమ్మనవలె అన్నారు. రమ్మనడానికీ రావడానికీ మధ్య ఒక ఖాళీ ఉంది. ఆ ఖాళీ పేరు క్వారంటైన్. కొత్త చేప ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు కనిపించాయంటే పరాన్నజీవి పట్టినట్టు. ఈ మాట ఫోన్లో చెప్పగానే చెరువుల మామయ్య “వైట్ స్పాటా!” అని కెవ్వుమన్నారు. అక్కడ ఆ పేరున్నది రొయ్యల చెరువును కొద్ది రోజుల్లో ఊడ్చే వైరస్. ఇది అది కాదు, ఏకకణజీవి, రొయ్యలకు పట్టదు అని నచ్చజెప్పడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఇది ఒకసారి పెద్ద తొట్టిలో చేరితే చేపలన్నిటినీ బయటికి తీసి 76 రోజులు తొట్టిని ఖాళీగా ఉంచే ఆచారం ఉంది. మందు రాగి. రాగి పడితే నత్తలు చస్తాయి, కాబట్టి వైద్యం వేరే తొట్టిలోనే.

అందుకని పసుపు టాంగ్ ప్రస్తుతం మా గరాజ్‌లో, కారుకూ వాషింగ్ మెషీనుకూ మధ్య, 20 గాలన్ల గాజు డబ్బాలో ఉంది. రాయి లేదు, ఇసుక లేదు, దాక్కోవడానికి ఒక పీవీసీ గొట్టం ముక్క. రోజూ పొద్దున్న ఎండు సముద్రపు నాచు ముక్కను అద్దానికి క్లిప్పుతో తగిలిస్తే, నేను రెండడుగులు వెనక్కి వెళ్ళేదాకా గొట్టంలోంచి రాదు. కత్తి ముడుచుకునే ఉంది. మామగారు భీమవరం నుంచి వీడియోలో చూసి, “ఇదా అండీ రౌడీ?” అన్నారు. ఇంకా పన్నెండు రోజులు.