రీస్టార్ట్ రోగం

మా రోజుల్లో సర్వర్ మొరాయిస్తే ముందు 'టాప్' కొట్టేవాళ్లం. ఇప్పటి కుర్రాళ్ల చెయ్యి ముందు రీస్టార్ట్ మీదికే పోతుంది. ఎందుకు మొరాయించిందిరా అబ్బాయ్ అంటే, "ఇప్పుడు బానే ఉంది కదా సార్" అంటాడు!

టాప్ పైవరుసలో లోడ్ యావరేజ్ అని మూడు అంకెలుంటాయి. 1, 5, 15 నిమిషాల లెక్క. మొదటిది పెద్దదై చివరిది చిన్నదైతే బరువు ఇప్పుడిప్పుడే మీద పడుతోందని అర్థం. సీపీయూ ఖాళీగా ఉండి లోడ్ మాత్రం ఎక్కిపోతుంటే, డిస్కు కోసం పడిగాపులు కాస్తూ 'డీ' స్థితిలో ఇరుక్కున్న ప్రాసెస్‌లను వెతికేవాళ్లం. లైనక్స్ వాటినీ లోడ్‌లో కలిపేస్తుంది మరి. ఇప్పుడో? లోడ్ పెరిగిందనగానే ఇంకో నాలుగు కోర్లు కొనమంటారు. కోర్లు కొంటే డిస్కు పరిగెడుతుందా?

ఇక కిల్ మైనస్ నైన్! మేం ముందు ఉత్త 'కిల్' ఇచ్చేవాళ్లం. అది 15వ నంబరు సిగ్నల్. ప్రాసెస్ తన ఫైళ్లు సర్దుకుని పోవడానికి వీలుంటుంది. 9కి ఆ అవకాశమే లేదు. వీళ్లకు మొదటి అస్త్రమే అది. జాంబీ మీద కూడా అదే ప్రయోగం! చచ్చిన పామును ఎన్నిసార్లు కొడతారయ్యా? 'పీఎస్ మైనస్ ఈఎఫ్' కొట్టి, పీపీఐడీ చూసి, దాన్ని పుట్టించిన ప్రాసెస్ సంగతి తేల్చాలి గానీ.

కొత్తదంతా చెత్త అనను. 2004లో హిషామ్ మహమ్మద్ తెచ్చిన హెచ్‌టాప్ నాకూ ఇష్టమే. ఎఫ్5 నొక్కితే ఏది దేని సంతానమో వంశవృక్షమంతా కనిపిస్తుంది. కానీ అది లేని మెషీన్‌లో ఇవాళ్టి వాళ్ల కాళ్లూ చేతులూ ఆడవు. కొన్ని బుల్లి కంటైనర్లలో పీఎస్ కూడా ఉండదు. అయితే ఏం? స్లాష్ ప్రాక్‌లోకి వెళ్తే ప్రాసెస్‌కొక నంబరు డైరెక్టరీ. లోపల 'స్టేటస్' ఫైలును క్యాట్ చేస్తే పేరు, స్థితి, మెమరీ అన్నీ దొరుకుతాయి. పీఎస్ వెళ్లి చదివేదీ అక్కడే.

రీస్టార్ట్ చేసుకోండి, వద్దన్నదెవరు? చేసేముందు 'పీఎస్ ఏయూఎక్స్' అవుట్‌పుట్‌ను ఒక ఫైల్లో పడేయండి చాలు. ఆ తర్వాత సాక్ష్యం మిగలదు. అసలు దొంగ మళ్లీ అర్ధరాత్రే లేస్తాడు, అప్పుడు ఫోను వచ్చేది మాత్రం నాకు!