పలకకు బీమా, మనిషికి సలహా

మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపు నీళ్ళకు కరువుంది, పనికి కరువుంది. సలహాలకు మాత్రం ఏనాడూ కరువు రాలేదు. ఫలానా ఇంట్లో ఒకరికి వీసా వచ్చిందని తెలిస్తే చాలు, విమానాన్ని ఆకాశంలో తప్ప చూడనివాళ్ళు కూడా విదేశీ మర్యాదల మీద ఆచార్యులైపోతారు. ఎయిర్‌పోర్టులో గట్టిగా మాట్లాడకు. వరుసలో తోసుకోకు. విమానం ఆగకముందే లేచి నిలబడకు. పాస్‌పోర్టును ప్రాణంలా చూసుకో. చదవని కాగితం మీద సంతకం పెట్టకు. అక్కడి చట్టాలు తెలుసుకుని మసలుకో. యజమానికి ఎదురు చెప్పకు. అన్నిటికంటే ముఖ్యం, దేశం పరువు తీయకు. ఆదివారం అనుబంధాలు, కన్సల్టెన్సీల కరపత్రాలు, ఫోన్లలో తిరిగే వీడియోలు, ఊళ్ళో సబ్ ఏజెంటు, అందరి నోటా ఇదే పాఠం. పాఠంలో పెద్ద తప్పేమీ లేదు. దాన్ని ఎవరికి చెబుతున్నామన్న దగ్గరే పేచీ. ఒక మనిషిని సముద్రం దాటించే వ్యవహారంలో ఏజెంటు, సబ్ ఏజెంటు, యజమాని, రెండు దేశాల అధికారులు, వడ్డీకి అప్పిచ్చినవాడు ఇంతమంది ఉండగా, జాగ్రత్తగా మెలగాల్సిన బాధ్యత మాత్రం ఆ గుంపులో అందరికంటే బలహీనుడి నెత్తిన పడింది. తతిమ్మా వాళ్ళందరికీ మినహాయింపు.

ఈ ప్రాంతానికి వలస కొత్త కాదు. నల్లమల అంచున బోర్లు ఎండబెట్టుకుని, ఫ్లోరైడ్ నీళ్ళు తాగి, 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు కాలువల కోసం ఎదురుచూస్తూ ఒక తరం నడివయసుకు వచ్చింది. ఆ ఎదురుచూపుల్లోనే కొందరు గుంటూరు వైపు మిరప కోతలకు, కొందరు హైదరాబాదు, బెంగళూరు భవనాల పనికి మూటాముల్లె సర్దుకున్నారు. మిరప కోతకు లారీ ఎక్కిన కూలీకి ఎవరూ మర్యాదలు నేర్పలేదు. మేస్త్రీ ముందు ఎలా నిలబడాలో, గుడిసెలో ఎలా పడుకోవాలో చెప్పే కరపత్రం ఒక్కటీ అచ్చు కాలేదు. అదే ఇంటి మనిషి కువైట్‌కో దుబాయ్‌కో బయల్దేరేసరికి అందరికీ నాగరికత గుర్తొచ్చింది. ఎందుకంటారా? మిరప కోతకు వెళ్ళేవాడి జేబులో ఏమీ ఉండదు. విమానం ఎక్కేవాడు పొలం తాకట్టు పెట్టైనా డబ్బు తెస్తాడు. సొమ్ము కనబడ్డ చోటే హితబోధ మొలుస్తుంది.

ఇక్కడి నుంచి విదేశాలకు వెళ్ళే సరుకు మరొకటి ఉంది, పలక రాయి. బడిపిల్లల పలకలకు పేరుపడ్డ మార్కాపురం రాయి రంగురంగుల టైల్స్‌గా మారి పరాయి దేశాల గోడలకూ నేలలకూ చేరుతోంది. ఆ రాయి ఓడ ఎక్కేముందు పెట్టెల్లో భద్రంగా సర్దుతారు. తూకం రాస్తారు, లెక్క రాస్తారు. పంపినవాడెవడో, అందుకునేవాడెవడో కాగితం మీద ఉంటుంది. దారిలో పగిలితే నష్టం ఎవరు భరించాలో ముందే తేలి ఉంటుంది, బీమా ఉంటుంది. ‘అమ్మా పలకా, ఓడలో ఒద్దికగా ఉండు, పగలకు, కొన్నవాడి ముందు వినయంగా పడి ఉండు’ అని బోధించి చేతులు దులుపుకునే ఎగుమతిదారుడు ఎక్కడా లేడు. ఉంటే రెండో సరుకుకు దివాలా తీస్తాడు. మనిషి విషయంలో మాత్రం ఆ బోధనే మొత్తం రవాణా ఏర్పాటుగా చలామణీ చేస్తున్నాం.

సలహాలను ఒక్కొక్కటిగా పట్టి చూద్దాం. ‘పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వకు.’ దివ్యమైన మాట. కువైట్‌లో ఇంటి పనివాళ్ళ కోసం 2015లో వచ్చిన 68వ నంబరు చట్టమూ అదే అంటుంది: యజమాని పాస్‌పోర్టును తన దగ్గర ఉంచుకోకూడదు, రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికో సెలవివ్వాలి. అంటే చట్టం మన సలహాదారు పక్షానే ఉంది. అయినా ఎన్నో ఇళ్ళలో గడప దాటగానే మొదట చేతులు మారేది ఆ పుస్తకమే. భాష రాని ఇంట్లో, తన వీసాకు పూచీదారైన కఫీల్ చెయ్యి చాపితే, ఖద్దామాగా, అంటే ఇంటి పనిమనిషిగా, వెళ్ళిన మనిషి ‘మా గిద్దలూరు కరపత్రంలో ఇవ్వొద్దన్నారు బాబా’ అనాలి కాబోలు. ఇవ్వనంటే పని పోతుంది. పని పోతే నివాసానుమతి పోతుంది. తట్టుకోలేక ఇల్లు వదిలితే పారిపోయిందన్న ఫిర్యాదు పడుతుంది; అక్కడి నుంచి ఆమె కల్లివల్లి, అంటే కాగితాల్లేని మనిషి. ‘చదవని కాగితం మీద సంతకం పెట్టొద్దు’ అన్నది రెండో ముత్యం. అరబ్బీ ఒప్పందం ముందు కూర్చున్న మనిషి దీన్ని పాటించాలంటే ప్రయాణమే మానుకోవాలి. మానుకుంటే ఏజెంటుకు కట్టిన సొమ్ము తిరిగి రాదు, దాని మీద వడ్డీ ఆగదు. ‘ప్రమాదం వస్తే బయటపడే దారి ముందే చూసిపెట్టుకో’ అన్నది మూడోది. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికులను కుక్కిన బస భవనం తగలబడి కనీసం 45 మంది భారతీయులు చనిపోయారు. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్ళు. దారి చూడాల్సింది రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్నవాడా, ఒక్కో గదిలో అంతమందికి మంచాలు వేయించినవాడా? ఈ సలహాలన్నీ ఒక స్వేచ్ఛను ముందే ఊహించుకుంటాయి: కాదని చెప్పగలిగే స్వేచ్ఛ. అది ఉన్నవాడికి ఈ సలహా అక్కర్లేదు; లేనివాడికి ఇది పనికిరాదు.

దేశం పరువు సంగతి మరీ ముచ్చటైనది. నూట నలభై కోట్ల మంది పరువును తీసుకెళ్ళి ఒక ఇంటి పనిమనిషి చీపురుకట్టకు వేలాడదీశాం. ఆమె బిగ్గరగా నవ్వితే పోతుందట, విమానంలో చేత్తో అన్నం తింటే పోతుందట. 2016 మార్చిలో బ్యాంకులకు వేల కోట్ల బాకీ పెట్టి లండన్ వెళ్ళిన విజయ్ మాల్యా ఫోర్కు పట్టుకోవడంలో గానీ, వైను గ్లాసు ఎత్తడంలో గానీ తప్పు చేసి ఉంటారని ఎవరూ అనుమానించరు. మర్యాదల పరీక్ష పెడితే ఆయనకు నూటికి నూరు. పరువు తీసే శక్తి మర్యాద రానివాళ్ళకంటే మర్యాద బాగా వచ్చినవాళ్ళకే ఎక్కువని తేల్చడానికి ఇంతకంటే రుజువు ఎందుకు?

చదువు లేకే ఈ అవస్థ, చదువుకున్నవాణ్ణి ఎవరు మోసం చేస్తారు అని సర్దుకునేవాళ్ళున్నారు. సర్కారు లెక్కా దాదాపు అదే. పదో తరగతి పాసైతే చాలు, 18 దేశాలకు పనికి వెళ్ళే ముందు తీసుకోవాల్సిన ఎమిగ్రేషన్ అనుమతి నుంచి మినహాయింపు దొరుకుతుంది. మార్కుల మెమోకు ఇంత రక్షణ మహిమ ఉందని ట్యూషన్ మాస్టార్లకు కూడా తెలిసి ఉండదు. ఆ మహిమ ఏపాటిదో 2024లో కంబోడియాలో చూశాం. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మి వెళ్ళిన యువకులను సైబర్ మోసాల ముఠాలకు అప్పగించారని ఆ ఏడాది మేలో విశాఖ పోలీసులు ఏజెంట్లను అరెస్టు చేశారు. కంప్యూటరు వచ్చినవాళ్ళు, ఇంగ్లిషు వచ్చినవాళ్ళు. ఆ చదువే అక్కడ వాళ్ళ ధర పెంచింది. ఇంకో మెట్టు పైకి వెళ్దాం. ‘చేరబోయే విశ్వవిద్యాలయం అసలుదో కాదో ప్రభుత్వ జాబితాలో చూసుకో’ అన్నది అమెరికా ప్రయాణికుడికి చెప్పే మొదటి జాగ్రత్త. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం ప్రభుత్వ జాబితాలో నిక్షేపంగా ఉంది. ఎందుకుండదు, దాన్ని వల పన్నడానికి పెట్టిందే అమెరికా ఇమిగ్రేషన్ అధికారులు! 2019 జనవరిలో గుట్టు విప్పేసరికి మొదట పట్టుబడిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వారిలో ఎక్కువమంది తెలుగువాళ్ళు. తరగతులే జరగని చోట చేరినవాళ్ళకు ఆ మాత్రం తెలియదా అన్నది అధికారుల వాదన. కొందరికి తెలిసే ఉండవచ్చు. కానీ ఫీజులు వసూలు చేసిన చేయి ప్రభుత్వానిదే. ఆ ఫీజుల కోసం వేసిన దావాను కింది కోర్టు కొట్టేస్తే, 2024లో అప్పీలు కోర్టు దానికి మళ్ళీ ప్రాణం పోసింది. జాబితా చూసుకోమన్న సలహాదారు, జాబితా రాసినవాడే వల వేస్తే ఏం చేయాలో ఇంతవరకు సెలవివ్వలేదు.

అయితే సలహాలే వద్దంటారా అని అడగవచ్చు. వద్దనడం లేదు, ఏది సలహా, ఏది చేతులు కడుక్కోవడం అన్నది వేరు చేయమంటున్నాను. మన మసాలా డబ్బాలోని గసగసాలు సౌదీలో, యుఏఈలో నిషిద్ధం. ఈ ముక్క తెలియక మాంసం కూర కోసం కట్టిన పొట్లం మనిషిని ఠాణాకు చేర్చగలదు. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు డాక్టరు చీటీ, అనుమతి లేకుండా అక్కడికి తీసుకెళ్తే కేసే. ఎవరో చేతికిచ్చిన పొట్లం మోయడమూ అంతే: 2019లో దోహా విమానాశ్రయంలో అలాంటి పొట్లంలో చరస్ దొరికి జైలు పాలైన ముంబై దంపతులు నిర్దోషులుగా బయటపడేసరికి 2021 వచ్చింది. ఇవి సలహాలంటే. ఇందులో వస్తువు పేరుంది, దేశం పేరుంది, పాటించడం ప్రయాణికుడి చేతిలో ఉంది. ‘జాగ్రత్తగా ఉండు’ అన్నదాంట్లో ఇవేవీ లేవు. ఇంకో పరీక్ష కూడా పెట్టవచ్చు: ఈ మాట వింటే నష్టం ఎవరికి? లైసెన్సున్న ఏజెంటు కార్మికుడి దగ్గర తీసుకోగల రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు పైసా ఎక్కువ కూడదు. ప్రాణం మీదికి వచ్చే ముందు మోగించడానికి ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం 1800 11 3090 ఉంది. క్యూలో ఎలా నిలబడాలో అరగంట చెప్పే సబ్ ఏజెంటు నోటి వెంట ఈ రెండు అంకెలు రావు. ఎందుకు రావో వివరించనక్కర్లేదు.

ప్రభుత్వం చేతనైనంత చేస్తోంది కదా అన్నది మరో అభ్యంతరం. చేస్తోంది, కాదనలేం. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ఉంది. ఒప్పందాలు నమోదు చేసే ఈ-మైగ్రేట్ పోర్టల్ ఉంది. 275 రూపాయలకు రెండేళ్ళపాటు 10 లక్షల ప్రమాద బీమా ఉంది. వెళ్ళే ముందు ఒక రోజు ఉచిత శిక్షణ ఉంది. ఇవన్నీ తలుపు గుండా వెళ్ళేవాడికి. విజిట్ వీసా మీద కిటికీ గుండా దూకించబడ్డవాడికి వీటిలో ఒక్కటీ అందదు. మరి కిటికీకి గిరాకీ ఎలా పెరిగింది? ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే ఆ ఎమిగ్రేషన్ అనుమతి తప్పనిసరైన పాస్‌పోర్టు, ఉన్న మహిళ ఆ 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే 30 ఏళ్ళు నిండాలి. ఉద్దేశం రక్షణే. కానీ ఇరవై అయిదేళ్ళ తల్లికి అప్పు తీర్చాల్సిన గడువు ముప్ఫయ్యో పుట్టినరోజు దాకా ఆగదు. తలుపు మూస్తే ఆకలి ఆగిపోదు, ఏజెంటు రేటు పెరుగుతుంది. వాళ్ళు తెలిసి తెలిసే దొంగదారిన వెళ్తున్నారు, అనుభవించనీ అనేవాళ్ళు ఈ లెక్కను ఒక్కసారి వేసుకోవాలి. తెలిసే వెళ్తున్నారన్నది చాలాసార్లు నిజమే. తెలిసినా వెళ్తున్నారంటే లోపం తెలివిలో లేదు, ముందున్న దారుల్లో ఉంది. తెలివి లోపం కానప్పుడు తెలివి చెప్పడం మందెలా అవుతుంది?

కాబట్టి ఒక వినతి. మర్యాదల తరగతి తప్పక పెట్టాలి, మార్కాపురంలోనే పెట్టాలి. కానీ బెంచీల మీద కూర్చోవాల్సినవాళ్ళు వేరే. మొదటి పీరియడ్ సబ్ ఏజెంట్లకు: లైసెన్సు నంబరు గోడ మీద రాయడం, విజిట్ వీసాను ఉద్యోగమని చెప్పకుండా నాలుకను అదుపులో పెట్టుకోవడం. రెండో పీరియడ్ కన్సల్టెన్సీలకు: చేర్పించిన కాలేజీ ఇచ్చే కమీషన్ ఎంతో విద్యార్థి తండ్రికి కళ్ళలోకి చూసి చెప్పడం. మూడోది రాయబార కార్యాలయాలకు: పాస్‌పోర్టు గుంజుకున్నారని ఫోను వస్తే, ఎందుకిచ్చావని ఎదురు ప్రశ్నించకుండా ఊరుకునే అభ్యాసం. నాలుగోది నాయకులకు: శవపేటికకు ఎదురెళ్ళి దండ వేసేటప్పటి ముఖకవళికలను, మనిషి బతికుండి జీతం రాలేదని అర్జీ ఇచ్చినప్పుడు కూడా ఒకసారి ప్రయత్నించడం. వీళ్ళంతా పరీక్ష పాసయ్యాక ప్రయాణికుడి వంతు వస్తే, అతను క్యూలో తోసుకోవడం గురించి తీరిగ్గా మాట్లాడుకుందాం. అందాకా అతనికి చెప్పదగ్గ మర్యాద ఒక్కటే: డబ్బు ఇచ్చిన ప్రతి చోటా రశీదు అడుగు. అడిగిన మరుక్షణం ఎదుటివాడి మర్యాద ఎంతటిదో విమానం ఎక్కకముందే తేలిపోతుంది.