మా భవంతికి నేనే కిర్క్‌పాట్రిక్‌ని

కోఠీ ఉమెన్స్ కాలేజీలో పాత బ్రిటిష్ రెసిడెన్సీని బాగుచేసి 2023లో తెరిచారు కదా, అటు పోకుండా ఉంటే నా చేతిలో నాలుగు డబ్బులు మిగిలేవి. 1803లో అప్పటి రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ దొర మొదలుపెట్టించిన మేడ అది, ఇంగ్లండులో జార్జి రాజుల నాటి ఫ్యాషన్. ముందు ఆకాశమంత స్తంభాలు ఆరు, వాటి తలల మీద ఆకుల కిరీటాలు. మధ్యలో నిలబడి ఫొటో దిగానో లేదో, నేనే దొరనైపోయాను. మీరూ ఏ గడీ మెట్ల మీదో ఒక్క క్షణం దొర అయ్యే ఉంటారు, దాచకండి.

వరంగల్ గిర్మాజీపేటలో మా తాత కట్టిన భవంతి ఇల్లుంది. మధ్యలో మండువా, చుట్టూ టేకు స్తంభాలు, మూరెడు మందం డంగుసున్నం గోడలు. దాన్ని బాగుచేసి ఫ్లాట్లు చేస్తానని ఊరంతా చాటాను. కిర్క్‌పాట్రిక్ పెద్ద కాగితం మీద ప్లాను చూపిస్తే నిజాం కాదన్నాడట; అదే చిన్న కార్డు మీద గీసి చూపిస్తే సరేనన్నాడట. నేనూ ఖర్చు లెక్కను పెళ్లిపత్రిక వెనక చీమతలకాయంత అక్షరాల్లో రాసి మా ఆవిడకిచ్చాను. ఆవిడ కళ్లజోడు తెచ్చుకుంది.

అయినా నేనాగితేగా! మేస్త్రి మొత్తుకున్నాడు: "సార్, సున్నం గోడకు సిమెంటు వద్దు. తాగిన తడి బయటికి పోదు. కరక్కాయ, బెల్లం నీళ్లు పోసి మళ్ల సున్నమే కొడదాం." సున్నం నానాలి, డంగు ఆడాలి, గోడ ఆరాలి. వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని 2006లో విప్పితే మళ్లీ తెరిచింది 2024లో. నాకంత ఓపికా? సిమెంటే కొట్టించాను. మండువా మీద స్లాబు వేయించాను. బంగారంలాంటి టేకుకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ తొడుగులు తొడిగి, పైన ఆకుల కిరీటాలు పెట్టించాను. డబ్బిచ్చి మరీ టేకును దాచిన మొనగాణ్ని నేనే.

శ్రావణంలో గృహప్రవేశం. బయట జడివాన, లోపల గోడలకు చెమట, రంగు పొక్కులు, హోమం పొగ బయటికి పోవాలంటే మండువా లేదు, పంతులుగారికి దగ్గు, తలుపు తీద్దామంటే ఉబ్బి బిగుసుకుంది, మా బావ స్తంభానికి కాలు తన్నిపెట్టి లాగాడు, తలుపు కదల్లేదు, కిరీటం కదిలింది, ఊడింది, సరాసరి పులిహోర గంగాళంలో పడింది!

అందరికన్నా ముందు నవ్వింది మా ఆవిడ.

ఇప్పుడు స్లాబు పగలగొట్టిస్తున్నాను, సిమెంటు గీకిస్తున్నాను. అదే మేస్త్రి, రెట్టింపు కూలి. ఒక్క ఫ్లాటూ కాలేదు. ఆకుల కిరీటాలు మాత్రం ఇంకా కొన్ని బాగానే ఉన్నాయి. కావాలంటే ఊరికే ఇస్తాను, ఆటో మీరే తెచ్చుకోండి.