ఎగువ ఎండె... దిగువ పారె!

సుంకేసుల దగ్గర కేసీ కాల్వకు తుంగభద్ర నీళ్లు వదిలితే ఏమైతుందో కర్నూలు, కడప రైతులకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఎగువన మడి తడుస్తుంది, చివరి ఆయకట్టుకు వార్త మాత్రమే అందుతుంది. ఈ లెక్కను తలకిందులు చేసిన ఘనత మన టెస్టు జట్టుది.

2024-25లో ఆస్ట్రేలియాకు పోయినప్పుడు ఎగువంతా బీడే. కెప్టెన్ రోహిత్ శర్మ సంగతి చివర్లో చెప్తాం. కోహ్లి పెర్త్‌లో సెంచరీ కొట్టినాడు, కాదనం. కానీ సిరీస్‌లో ఔటైన ఎనిమిది సార్లూ కీపర్‌కో స్లిప్పుకో పట్టిచ్చినవే. ఆఫ్‌స్టంప్ బయట పోయే బంతిని పలకరించకుండా ఉండలేడు పాపం, ఎన్నికలప్పుడు మన నాయకుల మాదిరి!

పారింది ఎక్కడయ్యా అంటే మెల్‌బోర్న్‌లో, అదీ ఎనిమిదో నంబరు ఆయకట్టులో. విశాఖ పిల్లోడు నితీశ్ కుమార్ రెడ్డి 114. అయినా ఆ టెస్టు 184 పరుగుల తేడాతో పాయె. సిరీస్ 3-1తో పాయె. ఉన్న ఒక్క ఎత్తిపోతల మోటారు బుమ్రా. 32 వికెట్లు తోడి తోడి, సిడ్నీలో నడుము పట్టేసి ఆగిపాయె.

మరి చలిలో దుప్పటి కప్పుకొని, తెల్లారి ఐదుకే టీవీ ముందు కూర్చున్నోళ్ల గతేంది? కరువు బాధితుల జాబితాలో మమ్మల్నీ చేర్చమని అర్జీ రాసినాం. వర్షపాతం వివరాలు జత చేయాలంట. చేసినాం. రోహిత్ ఐదు ఇన్నింగ్స్: 3, 6, 10, 3, 9. మొత్తం 31 మిల్లీమీటర్లు.