జూడో నాన్న

డాలస్ చుట్టుపక్కల ప్లేనో, ఫ్రిస్కో వైపు పిల్లల జూడో క్లాసులకు వెళ్తే ఈయన కనిపిస్తాడు. నలభై దాటిన వయసు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కాస్త బొజ్జ. మొదట్లో కొడుకుని దించడానికే వచ్చాడు. గోడవార బల్ల మీద కూర్చుని, లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండానే "నడుం తిప్పరా, నడుం!" అని కేకలేసేవాడు. విని విని విసిగిన కోచ్ ఒకరోజు, మీరే వచ్చి తిప్పి చూపించండి అన్నాడు. అలా చేరాడు.

చేరిన వారానికే ఇంట్లో భాష మారుతుంది. పిల్లలు కొట్టుకుంటే "మాతే!" అంటాడు, ఆగమని. కంచం ముందు కూర్చుని "హాజిమే" అంటాడు, వడ్డించమని. ఈ వయసులో కుస్తీలేంటండీ అని ఎవరైనా అడిగితే, 1882లో టోక్యోలో కోదోకాన్ పెట్టి జూడోకి శ్రీకారం చుట్టిన కానో జిగోరో వస్తాదు కాదు, బడిపంతులు అని గుర్తుచేస్తాడు. మాట నిజమే. అయితే ఆ పంతులుగారికీ ఈయనకీ పోలిక అక్కడితో సరి. క్లాసులో బెల్టు వరసన నిలబడాలి కాబట్టి నారింజ బెల్టు కొడుకు ముందుంటాడు, తెల్ల బెల్టు తండ్రి చిట్టచివర.

ఇక ప్రాంతీయ టోర్నమెంటు. పళ్లూడిన బుడతల నుంచి తల నెరిసిన బ్లాక్ బెల్టుల దాకా అందరూ ఒకే జిమ్‌లో. ఈయన 81 కిలోల్లో పేరిచ్చి, వారం ముందే అన్నం మానేస్తాడు. పొద్దున్నే తూకం. సాక్సులు విప్పి, ఊపిరి కూడా బరువేనేమోనని పూర్తిగా వదిలేసి కాటా ఎక్కుతాడు. 80.7! దిగీ దిగగానే కార్లో ఇడ్లీ డబ్బా మూత తీస్తాడు. "ఇన్సూరెన్స్ కార్డు పెట్టుకున్నారా?" అంటుంది వాళ్లావిడ. జూడోగికి, అంటే జూడో దుస్తులకి, జేబులుండవు. అందుకే కార్డు ఆవిడ హ్యాండ్‌బ్యాగులోనే ఉంటుంది, పైకి, చేతికందేలా.

ముప్పై దాటినవాళ్ల విభాగంలో జనం తక్కువ. బరువులూ బెల్టులూ కలిపేస్తాం, మీకు అభ్యంతరమా అని నిర్వాహకులు అడుగుతారు. అబ్బే అంటాడు. చివరికి తేలేది ముగ్గురు.

మొదటి ఆటలో చిన్నప్పటి కబడ్డీ బయటికొస్తుంది. వంగి అవతలివాడి కాలు పట్టుకుంటాడు. అంతర్జాతీయ నిబంధనల్లో 2010 నుంచి దీనికి కళ్లెం వేశారు. రిఫరీ షిడో, అంటే తప్పు కింద హెచ్చరిక, ఇస్తాడు; ప్రత్యర్థి ఆ తర్వాత పని కానిస్తాడు.

రెండో ఆటలో ఎదురుగా అరవై దాటిన బ్లాక్ బెల్టు, మోకాలికి పట్టీ. పాపం పెద్దాయన, మెల్లగా వేద్దాం అనుకుంటాడు మనవాడు. వేసేది తనే అన్న నమ్మకం! వంగి నమస్కరించి, కాలర్ పట్టుకుని గట్టిగా నెడతాడు. పెద్దాయన ఆ నెట్టుడుకి అడ్డుపడడు. పక్కకు జరిగి చోటిస్తాడు, వెనక నుంచి కాలు ఊడ్చేస్తాడు. వీపు మొత్తం బలంగా, వేగంగా మ్యాట్‌కు తగిలితే ఇప్పాన్, ఆట ముగిసినట్టే. ఈయన కాస్త ఒరిగి పడతాడు కాబట్టి వజారీ, అంటే సగం ఇప్పాన్ మాత్రమే. ఆ సంతోషం పూర్తికాకముందే పెద్దాయన ఛాతీ మీద వాలి మెడ చుట్టేస్తాడు. అదిమి పట్టి ఇరవై సెకన్లుంచితే ఇప్పాన్, కానీ ముందే ఒక వజారీ పోయింది కాబట్టి పది చాలు. ఆ పది సెకన్లూ కప్పులో ట్యూబ్‌లైట్లు లెక్కపెట్టడం తప్ప చేయగలిగిందేమీ ఉండదు. మ్యాట్ పక్క నుంచి ఒక లేత గొంతు మాత్రం ఆగదు. "నాన్నా, నడుం తిప్పు, నడుం!"

పెద్దాయనే చెయ్యిచ్చి లేపి, ఊడిపోయిన బెల్టు కట్టుకోవడం కూడా నేర్పుతాడు.

ముగ్గురిలో మూడోవాడికి కాంస్యం. ఫోటో వాట్సాప్‌లో పడుతుంది, రెండు ఓటములూ పడవు. ఇంజనీరింగ్ బ్యాచ్ గ్రూపు చప్పట్లతో నిండిపోతుంది. రాత్రికి తెనాలి నుంచి వాళ్ల నాన్న ఫోను. "చూశాన్రా, మెడలు వంచావట! కుర్రతనం చేసి గట్టిగా కొట్టావేమో, అవతలివాళ్లకి దెబ్బలేం తగల్లేదు కదా?"

"లేదు నాన్నా, ఒక్కటి కూడా తగల్లేదు" అంటాడు, నడుముకి బామ్ రాయించుకుంటూ.