రెండో స్టార్టప్‌నీ ముంచడం ఎలా?

చెల్లెమ్మా, మొదటి కంపెనీ మూతపడిందా? మంచిదే, అనుభవం వచ్చింది. మాదాపూర్‌లో మళ్లీ తలెత్తుకు తిరగాలంటే కష్టపడాలని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. వినకు. ఈ చిట్కాలు చాలు.

1. ముందు లింక్డిన్ సర్దు. మూతపడ్డ కంపెనీ పక్కన 'ఎగ్జిట్' అని రాయి. ఎవరికి అమ్మావని అడిగితే 'బయటికి చెప్పకూడదని ఒప్పందం' అను. కుర్చీలూ బల్లలూ అమ్మావుగా, అబద్ధమేం కాదు.

2. మర్చిపోయిన కోడింగ్ జోలికి పోకు. అమీర్‌పేటలో ఫీజు కట్టు, రసీదుతో సెల్ఫీ దిగు, క్లాసుకు వెళ్లకు. గిట్‌హబ్‌లో ఎవరిదో ప్రాజెక్టు దించుకుని బటన్ల రంగు మార్చు. ప్రోడక్ట్ రెడీ.

3. పేరు చివర 'ఏఐ' తగిలించు. కస్టమర్ ఏదడిగినా పక్కగదిలో ఇంటర్న్ జవాబు టైపు చేస్తుంది. ఆమె టిఫిన్‌కి వెళ్తే తెరమీద 'మోడల్ ఆలోచిస్తోంది' అని చూపించు.

4. మహిళా వ్యాపారవేత్తల కోసమే తెలంగాణ ప్రభుత్వం 2018లో వీ హబ్ పెట్టింది. తప్పక వెళ్లు. బోర్డు కనపడేలా ఫొటో దిగు, టీ తాగు. 'డబ్బు కట్టే కస్టమర్లు ఎంతమంది?' అని మెంటర్ అడిగేలోపు ఫోన్ చెవిన పెట్టుకుని బయటికొచ్చెయ్. రాయదుర్గం టీ-హబ్‌లోనూ ఇదే పద్ధతి.

5. పెట్టుబడికి బ్యాంకు గడప తొక్కకు, లెక్కలడుగుతారు. నాన్న రిటైర్మెంట్ డబ్బులు, అమ్మ గాజులు ఉన్నాయిగా. దీన్నే 'బూట్‌స్ట్రాపింగ్' అను. ముందు బీన్‌బ్యాగులు కొను, తర్వాత లోగో చేయించు. ఏమైనా మిగిలితే సర్వర్ సంగతి చూడు.

6. భాగస్వామితో కాగితం రాసుకోకు. స్నేహంలో సంతకాలేమిటి? జీతం అడిగినవాళ్లకు ఈసాప్స్ (కంపెనీ వాటాలు కొనుక్కునే హక్కు) ఇవ్వు. అవి డబ్బయ్యేదెప్పుడని అడిగితే 'విజన్' గురించి గంట మాట్లాడు.

7. కంపెనీల రిజిస్ట్రార్‌కి (ఆర్వోసీ) ఏటా ఇవ్వాల్సిన ఫైలింగులు అటకెక్కించు. ఆలస్యానికి ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలేగా! వరసగా మూడేళ్లు ఎగ్గొట్టావంటే, ఐదేళ్లపాటు ఏ కంపెనీలోనూ కొత్తగా డైరెక్టర్‌వి కాలేవు. అంత పొడుగు సెలవు ఏ ఉద్యోగంలో ఇస్తారు?

8. ఇంట్లో పెళ్లి మాటెత్తితే 'ఫండింగ్ రాగానే' అను. 'పెళ్లయ్యాక కంపెనీ ఏమవుతుంది?' అని ఇన్వెస్టర్ అడిగితే 'పెళ్లయ్యాకే మాట్లాడుకుందాం' అను. రెండు మీటింగులూ తప్పుతాయి.

9. కస్టమర్ ఫోన్ ఎత్తకు. ఎత్తక తప్పకపోతే పొద్దున 'సర్వర్ డౌన్', మధ్యాహ్నం 'స్ప్రింట్‌లో ఉన్నాం', సాయంత్రం 'అమెరికా టీమ్ నిద్ర లేవాలి' అను. అమెరికా టీమ్ అంటే డాలస్‌లో ఉన్న మీ బావే.

ఇవన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తే ఏడాది తిరక్కుండానే రెండో ఎగ్జిట్ ఖాయం. ఆపైన మహిళా దినోత్సవానికి కాలేజీలవాళ్లు 'ఓటమి నేర్పిన పాఠాలు' చెప్పమని పిలుస్తారు. వెళ్లు. పారితోషికం మాత్రం ముందే తీసుకో, ఈ చిట్కాలు వాళ్లూ చదివే ఉంటారు.