లక్షల కొద్దీ ఆవు వ్యాసాలు

2008 డిసెంబరు మొదటి వారంలో ఐక్యరాజ్యసమితి వారి ఇంటర్నెట్ గవర్నెన్స్ ఫోరం మన హైదరాబాద్‌లోనే కొలువుదీరింది. ప్రభుత్వాలు, కంపెనీలు, పౌర సమాజం... అందరికీ సమాన హోదా. ఇంత ఉదారత ఎక్కడిదని ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆ వేదిక మాట్లాడుకోవడానికే తప్ప నిర్ణయాలు చేయడానికి కాదని దాని పుట్టుకలోనే, 2005లో ట్యూనిస్‌లో, రాసిపెట్టారు. తీర్మానం లేని సభలో ఎవరికి ఎంతసేపు మైకు ఇచ్చినా ఎవరి సొమ్మూ పోదు.

నిర్ణయాలు జరిగే చోట పౌర సమాజానికి కుర్చీ ఉండదు, ఈమెయిల్ చిరునామా ఉంటుంది. 2015 మార్చిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అలాంటిది ఒకటి ఇచ్చింది. వాట్సాప్, స్కైప్‌లను ఏం చేయాలి, టెలికాం కంపెనీలు ఒక్కో సైటుకు ఒక్కో రేటు పెట్టొచ్చా అంటూ 118 పేజీల పత్రం, అందులో 20 ప్రశ్నలు. చూడగానే జనానికి నిద్ర రావాలి. కానీ కొందరు లాయర్లు, పాత్రికేయులు, సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు కలిసి దాన్ని మామూలు మనుషుల భాషలోకి దించి, జవాబులు కూడా రాసి ‘సేవ్ ది ఇంటర్నెట్’ పేరుతో ముందు పెట్టారు. పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. అభిప్రాయం చెప్పండంటే నిజంగానే చెప్పేశారు, పాపం! ట్రాయ్ ఆ ఉత్తరాలను పంపినవారి ఈమెయిల్ చిరునామాలతో సహా తన సైట్లో పెట్టేసింది. పారదర్శకత అంటే అదీ. లాటరీ తగిలిందని మెయిళ్లు పంపేవాళ్లకు ఆ రోజు నిజంగానే లాటరీ తగిలింది.

ఇంకోవైపు ఫేస్‌బుక్ వారి దానధర్మాలు. ఆ ఫిబ్రవరిలోనే రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి వారు ఉచిత ఇంటర్నెట్ మొదలుపెట్టిన ఆరు రాష్ట్రాల్లో మన తెలుగు రాష్ట్రాలు రెండూ ఉన్నాయి. డేటాకు డబ్బులక్కర్లేదు, కాకపోతే చూడగలిగేది కొన్ని సైట్లే. యూట్యూబ్ లేదు. ఫేస్‌బుక్ ఉంది, చెప్పాలా! దాని పేరు తర్వాత ‘ఫ్రీ బేసిక్స్’ అయింది.

డిసెంబరులో ట్రాయ్ మళ్లీ పత్రం తెచ్చింది, ఈసారి నాలుగే ప్రశ్నలు. ఫేస్‌బుక్ పేపర్ల నిండా ప్రకటనలు గుప్పించి, తెర మీద ఒక మీట పెట్టింది. నొక్కితే ఉత్తరం దానంతటదే ట్రాయ్‌కి వెళుతుంది. లక్షల్లో వెళ్లాయి. అడిగింది రేట్లలో తేడా గురించి, ఉత్తరాల్లో ఉన్నదేమో ఫ్రీ బేసిక్స్ మహిమ. ఆవు వ్యాసం ఒక్కటే బట్టీ పట్టిన కుర్రాడు ఏ ప్రశ్నకైనా ఆవును తెచ్చి చెట్టుకు కట్టేసినట్టు. అడిగిన ప్రశ్నలకు జవాబులు రాయించండి బాబూ అని ట్రాయ్ ఫేస్‌బుక్‌కు చెప్పుకోవాల్సి వచ్చింది.

ఉద్యమకారులవీ రెడీమేడ్ జవాబులే కదా అని మీరు అడగొచ్చు. అవును, నిజమే. కనీసం వాళ్లు ప్రశ్నపత్రం చదివారు.

2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ తేడా రేట్లను నిషేధించింది. ఉల్లంఘిస్తే రోజుకు రూ.50 వేలు, ఎంత మితిమీరినా రూ.50 లక్షల దగ్గర ఆగిపోయే జరిమానా. కట్టాల్సిన టెలికాం కంపెనీలకు అది ఎన్ని నిమిషాల ఆదాయమో లెక్కగట్టే ఓపిక నాకు లేదు.

అంతమంది ఒకేసారి మాట్లాడితే ఏమవుతుందో ఢిల్లీకి అర్థమైంది. 2022 నవంబరులో వ్యక్తిగత డేటా రక్షణ బిల్లు ముసాయిదా పెట్టి ఐటీ మంత్రిత్వ శాఖ అభిప్రాయాలు అడిగింది. వచ్చినవేవీ బయటపెట్టబోమని ముందే చెప్పేసింది. 2025లో దాని నియమాల ముసాయిదాకూ అదే పద్ధతి. ఒకరికి ఏదీ దాచడం తెలియదు, ఇంకొకరికి ఏదీ చూపడం తెలియదు. మనం ఏం రాశామో పక్కింటివాడికి తెలియదు, కంపెనీలు ఏం రాశాయో మనకు తెలియదు.

సమాచార హక్కు చట్టం కింద అడుగుదామా? ఆ బిల్లు నుంచి 2023లో వచ్చిన డేటా చట్టమే, పనిలో పనిగా, వ్యక్తిగత సమాచారం పేరు చెప్పి సమాచార హక్కు చట్టంలోనూ ఓ సెక్షన్‌ను బిగించింది.